పాత మామిడి చెట్లు: పైభాగం కొట్టించి మళ్లీ చిగురింపజేయాలా, మొత్తం తీసేసి కొత్తవి వేయాలా?

పర్లాకిమిడి పెరడు
మా పెరట్లో మూడు మామిడి చెట్లున్నాయి, మూడూ సువర్ణరేఖే, నాన్నగారు వేసినవి, నలభై ఏళ్లు దాటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఒకదాని పెద్ద కొమ్మ విరిగింది, ఆ చెట్టు మళ్లీ కోలుకోలేదు. మిగతా రెండూ మేడ దాటి పెరిగిపోయి చిటారు కొమ్మల్లో నాలుగు కాయలు కాస్తాయి, అవి ఉడతలకే సరి. అబ్బాయేమో అన్నీ తీసేసి కొత్త అంట్లు వేద్దామంటాడు, అమ్మ ఒప్పుకోదు. ఎవరైనా పాత చెట్టుని కొట్టించి మళ్లీ కాయించారా? చాలా టెన్షన్‌గా ఉంది.

గుణుపురం తోట
అన్నా, వయసు కాదు, మాను చూడండి. సుత్తితో చుట్టూ తట్టండి, డొల్ల చప్పుడు వస్తే ఆశ వదులుకోవచ్చు, గట్టిగా ఉంటే తీయకండి. మేము డిసెంబరు ఆఖర్లో పది పన్నెండు అడుగుల ఎత్తున కొట్టించాం. ఒక చెట్టుకి పనివాడు అడుగున గాటు పెట్టకుండా పైనుంచే రంపం వేశాడు, కొమ్మ సగంలో విరిగి బెరడు మొదలు దాకా చీల్చుకుంటూ పోయింది, ఆ చెట్టు దక్కలేదు, ఇప్పటికీ బాధే. అందుకే ముందు అడుగున గాటు, తర్వాత పైనుంచి కోత. కోసిన చోట అదే రోజు బోర్డో పేస్టు పూయాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఎండాకాలానికి చిగుళ్లు గుత్తులుగా వస్తాయి, చూడముచ్చటగా ఉన్నాయని అన్నీ ఉంచేయకండి, కొమ్మకి ఐదారు, అదీ బయటివైపు తిరిగినవి చాలు. మాకు మూడో ఏడు పూత వచ్చింది, ఇప్పుడు నిచ్చెన లేకుండా కోసుకుంటున్నాం.

రాయగడ వదిన
కొట్టాక కాండం తొలిచే పురుగుని కనిపెట్టుకుని ఉండండి. చెట్టు మొదలు దగ్గర రంపపుపొట్టులాంటిది రాలితే కన్నంలో ఇనప తీగ పెట్టి పురుగుని లాగేసి, పెట్రోల్‌లో ముంచిన దూది కుక్కి బంకమట్టితో మూసేయాలి. మేము ఆలస్యంగా చూశాం. బదనిక (చెట్టు మీదే పెరిగి దాని సారం పీల్చే మొక్క) పట్టిన కొమ్మలుంటే వాటినీ ఇప్పుడే తీయించేయండి.

బరంపురం మేడ
నేను తీసేసి కొత్తవే వేశాను, తప్పనను. కానీ పాత గోతిలోనే వేస్తే రెండు మొక్కలు ఎదగలేదు, పక్కకి జరిపి వేసినవి బాగున్నాయి. అంటు రెండో ఏడే పూస్తుంది, ఆ పూత తుంచేయాలి. కడుపునిండా తినడానికి ఐదారేళ్లు ఆగాలి. వేళ్లు బాగున్న చెట్టుంటే ఆ లెక్కన కొట్టించడమే త్వరగా కాయిస్తుంది. రకం మార్చాలనుకున్నా కొత్త చిగుళ్ల మీద అంటు కట్టించొచ్చు.

జయపురం
అన్నీ ఒకే ఏడు కొట్టకండి. ఈ ఏడు ఒకటి, వచ్చే ఏడు ఒకటి, అప్పుడు ఇంట్లో కాయ ఉంటుంది, పెరట్లో నీడా ఉంటుంది.

పర్లాకిమిడి పెరడు
పొద్దున తట్టి చూశాను. విరిగిన చెట్టు నడుము దాకా డొల్ల, దాని పక్కన పది అడుగుల దూరంలో గొయ్యి తీయిస్తున్నాను. మిగతా రెండూ గట్టిగా ఉన్నాయి. వీధివైపుది డిసెంబరులో కొట్టిస్తాను. అమ్మ కిటికీ ముందున్నది ఆమె వచ్చే వేసవి కాయలు తిన్నాకే అంది, సరేనన్నాను. వదినా, పురుగు కన్నాలు రెండు కనబడ్డాయి, సాయంత్రం తీగ పట్టుకుని కూర్చుంటాను.