షుగరున్నవాళ్లకు ఓఆర్ఎస్ వద్దా?

వైట్‌ఫీల్డ్ వాసి: ఎండలు ముదిరాయో లేదో, బెంగళూరు తెలుగు గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డు: "షుగరున్నవాళ్లు విరేచనాలైనా ఓఆర్ఎస్ తాగొద్దు, చక్కెర లేని ఎలక్ట్రోలైట్ పొడి చాలు." నాకూ సబబే అనిపిస్తోంది. పోయింది ఉప్పూ నీళ్లే కదా, గ్లూకోజు రుచి కోసమేగా?

పేగుపొర: రుచికి కాదండీ. పేగు కణం పైపొరలో ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీను ఉంది. రెండు సోడియాలు, ఒక గ్లూకోజు జట్టుగా వస్తేనే లోపలికి పంపుతుంది. కణానికి రక్తం వైపున్న పంపు ఒక్కో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు)కి మూడు సోడియాల్ని బయటికి నెట్టి రెండు పొటాషియాల్ని లాక్కుంటుంది. అలా లోపల సోడియం ఎప్పుడూ తక్కువే. ఆ పల్లానికే సోడియం గ్లూకోజును వెంటేసుకుని దిగుతుంది, వాటి వెనకే నీళ్లు.

వైట్‌ఫీల్డ్ వాసి: సోడియానికి అదొక్కటే దారా? ఎన్‌హెచ్‌ఈ3 అనే ఇంకో పేగు ప్రొటీనూ సోడియాన్ని లోపలికి తెస్తుంది, దానికి గ్లూకోజుతో పనిలేదుగా.

పేగుపొర: లేదు. అందుకే చెమట పట్టినప్పుడు ఉప్పు మజ్జిగ చాలు. కలరాలో కథ వేరు. కలరా క్రిమి వదిలే విషం కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచేస్తే ఎన్‌హెచ్‌ఈ3 పడకేస్తుంది, సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడు ద్వారం తెరుచుకుని క్లోరైడు పేగులోకి కారిపోతుంది, నీళ్లూ దాంతోనే. ఎస్‌జీఎల్‌టీ1 మాత్రం చెక్కుచెదరదు, దానికేమో గ్లూకోజు కావాలి. ఇక చక్కెర భయమంటారా, లీటరుకు 13.5 గ్రాములు. 200 మి.లీ. గ్లాసుకు 2.7. ఒక ఇడ్లీలో పిండిపదార్థం అంతకంటే ఎక్కువే.

గంజిగ్లాసు: అలాగని ఇంకో రెండు చెంచాల చక్కెర కలిపేవాళ్లున్నారు. ఓఆర్ఎస్ లీటరులో సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్, కరిగినవన్నీ కలిపి గాఢత 245 మిల్లీఆస్మోల్. రక్తం దాదాపు 290 కనుక నీళ్లు లోపలికే పోతాయి. లీటరు ప్యాకెట్టును ఒక్క గ్లాసులో కలిపితే లెక్క ఐదింతలై 1225. నీళ్లు ఎదురు తిరిగి పేగులోకొస్తాయి, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని ఉందో చదవరు, అదీ గొడవ! నన్నడిగితే ఉప్పేసిన గంజి మేలు. పిండి అణువు పెద్దది, గాఢత పెరగదు, పేగులో అరిగేకొద్దీ గ్లూకోజు వస్తుంది.

పేగుపొర: ఒప్పుకుంటా, కలరాలో బియ్యప్పిండి ఓఆర్ఎస్‌కు మంచి పేరుంది. కానీ అందులో లీటరుకు 50 గ్రాముల పిండి, మిగతా లవణాలు కొలిచినవే. ఇంట్లో చిటికెడంటే ఒక్కో చేతికి ఒక్కో లెక్క.

వైట్‌ఫీల్డ్ వాసి: సరే, డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్ర వేసుకునేవాళ్లకు పేగు తలుపూ మూతపడదా?

పేగుపొర: పడదు, అది అడ్డేది ముఖ్యంగా కిడ్నీలో ఉండే ఇలాంటి ప్రొటీనే అయిన ఎస్‌జీఎల్‌టీ2ని. అయితే వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి మానేస్తే ఆ మాత్రతో కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకోవడం) ముప్పుంది. ఆపాలా వద్దా అని డాక్టరును ఆ రోజే అడగాలి.