రోజూ పాతిక సైట్లు తెరిచి చూసే బాధ తప్పేదెట్ల?

హన్మకొండ పోరడు:
అన్నలూ, అక్కలూ, ఒక డౌటు. నైంనగర్‌లో రూం తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నా. పొద్దున చాయ్ తాగుతూ నోటిఫికేషన్ల సైట్లు, కరెంట్ అఫైర్స్ బ్లాగులు, రెండు సాహిత్య పత్రికలు, అన్నీ కలిపి పాతిక దాకా ఒక్కొక్కటే తెరిచి చూస్తా, సగం వాటిలో కొత్తగా ఏమీ ఉండదు, గంట మాత్రం పోతుంది. ఫేస్‌బుక్‌లో ఫాలో అయితే మూడు రోజుల కిందటిది ఇవాళ చూపిస్తుంది. పోయిన నెల ఒక అప్లికేషన్ గడువు అయిపోయిన తెల్లారి నా కంట పడ్డది, ఇంట్ల ఇంకా చెప్పలేదు. కొత్త పోస్టులు మన దగ్గరికే తెచ్చే ఆర్ఎస్ఎస్ ఫీడ్ అని ఒకటుంటుందని ఎవరో అంటే ఒక సైట్లో నారింజ రంగు గుర్తు నొక్కినా, పేజీ నిండా బ్రాకెట్లు, కోడ్. సైట్ పాడైందా, నా ఫోనా?

జమ్మికుంట సారు:
ఏదీ పాడుకాలేదు తమ్మీ. అదే ఫీడ్, అంటే సైట్లో కొత్త పోస్టుల జాబితా ఉండే ఫైలు. అది మనం చదివేది కాదు, ఫీడ్ రీడర్ అనే యాప్ చదివేది. పైనున్న అడ్రస్ కాపీ చేసి ఫీడ్ రీడర్‌లో వేస్తే, అదే అప్పుడప్పుడు పోయి ఆ ఫైలు చూసి కొత్త పోస్టులు తెచ్చిపెడుతుంది, ఏది దాచాలో ఏది చూపాలో మధ్యలో ఎవడూ తేల్చడు. ఆండ్రాయిడ్‌లో ఫీడర్ అనే యాప్ ఉచితం, లాగిన్ కూడా అడగదు. ఫోన్‌లో, కంప్యూటర్‌లో రెండిట్లో కావాలంటే ఫీడ్లీ, ఇనోరీడర్.
గుర్తు కనపడకున్నా ఫీడ్ ఉండొచ్చు. మామూలుగా సైట్ అడ్రస్ ఇస్తే రీడరే వెతుక్కుంటుంది. దొరకలేదంటే, వర్డ్‌ప్రెస్ (చాలా బ్లాగులు దీంతోనే నడుస్తాయి) సైటైతే అడ్రస్ చివర స్లాష్ కొట్టి ఇంగ్లిష్‌లో ఫీడ్ అని రాసి చూడు.

కాజీపేట జంక్షన్ అక్క:
సారు చెప్పింది కరెక్టే గానీ తమ్ముడూ, దినపత్రికల ఫీడ్లు మాత్రం వేసుకోకు. నేను వేసుకుని మేడారం జాతరకు పోయి నాలుగు రోజులకు వచ్చి చూస్తే చదవనివి పన్నెండు వందలు! సంచిలోంచి బెల్లం కూడా తీయకుండా వాటితోనే కూర్చున్నా, చివరికి అన్నీ చదివినట్టు ఒక్క నొక్కు నొక్కి వదిలేశా. నెలకో రెండు నెలలకో ఒకసారి రాసే సైట్లుంటాయి చూడు, ఫీడ్ అసలు వాటికోసమే.
ఇంకోటి, నీ ఫీడ్ల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా, అంటే వేరే రీడర్‌లోకి ఎక్కించుకునే ఫైలుగా, దించుకుని పెట్టుకో. గూగుల్ వాళ్ల ఫీడ్ రీడర్ అయిన గూగుల్ రీడర్‌ను 2013 జూలై 1న మూసేసినప్పుడు ఆ ఒక్క ఫైలు ఉండబట్టే నేను వేరే దాంట్లోకి మారగలిగా.

హన్మకొండ పోరడు:
ఫీడర్ వేసినా. పాతికలో పదిహేడు దొరికినయ్. కానీ ఆ నోటిఫికేషన్ల సైటుకే ఫీడ్ లేదు సార్, మొదలుపెట్టిందే దానికోసం!

జమ్మికుంట సారు:
దానికి పేజీ మారితే మెయిల్ పంపే సర్వీసులున్నాయి, విజువల్‌పింగ్ లాంటివి. హోంపేజీ ఇవ్వకు, పైన ఉరికే బ్యానర్ మారినప్పుడల్లా మెయిలొస్తుంది. నోటిఫికేషన్ల జాబితా ఉన్న పేజీ ఇవ్వు.

హన్మకొండ పోరడు:
పెట్టినా సార్. మొదటి మెయిల్ కూడా వచ్చింది. సైట్ మెయింటెనెన్స్‌లో ఉందట.