ఎల్క్ బ్రో టైన్ 5 అంగుళాలు ఉందో లేదో దూరం నుంచి తేల్చుకోవడం ఎలా?

కొలరాడోలో రైఫిల్ సీజన్‌లో ఎల్క్ (పెద్ద దుప్పి జాతి జంతువు) వేటకు వెళ్తుంటాను. మా యూనిట్‌లో (వేట ప్రాంతంలో) మగ ఎల్క్‌ని కాల్చాలంటే ఒక కొమ్ముకైనా 4 పాయింట్లు (కొమ్ము నుంచి చీలిన మొనలు) ఉండాలి, లేదా బ్రో టైన్, అంటే కొమ్ము మొదట్లో ముఖం మీదుగా ముందుకు వచ్చే పాయ, కనీసం 5 అంగుళాలు ఉండాలి. పాయింటుగా లెక్కకు రావాలంటే అంగుళం పొడవు తప్పనిసరి.

పెద్దవాటితో ఇబ్బంది లేదు. చిక్కంతా మూడు పాయింట్ల కుర్ర ఎల్క్‌లతోనే. పొద్దుగూకే వేళ ఆస్పెన్ చెట్ల అంచున, సుమారు 250 గజాల దూరంలో పక్కకు తిరిగి మేస్తుంటాయి. తల దించితే ఆ పాయ గడ్డిలో కలిసిపోతుంది, ఎత్తితే వెనకున్న రెమ్మల్లో కలిసిపోతుంది.

10×42 బైనాక్యులర్‌ని ట్రైపాడ్ మీద పెట్టి చూశాను. స్పాటింగ్ స్కోప్‌లో (చిన్న టెలిస్కోప్‌లో) జూమ్ పెంచితే ఆ వెలుతురుకు బొమ్మ మసకబారుతోంది. చెవి దాదాపు 8 అంగుళాలు ఉంటుందని దాంతో పోల్చి చూశాను. కానీ చెవి ఊరికే తిరుగుతూ ఉంటుంది, ఒక్కోసారి ఒక్కోలా కనిపిస్తుంది. అనుమానం ఉన్నంతసేపు ట్రిగ్గర్ మీద వేలు పెట్టను, ఆ విషయంలో రాజీ లేదు.

పక్క నుంచి, తక్కువ వెలుతురులో చూసేటప్పుడు బ్రో టైన్ 5 అంగుళాలు దాటిందని ఖాయం చేసుకోవడానికి మీరు దేన్ని కొలతగా పెట్టుకుంటారు?