ఊటీ లేక్: సరస్సా, చెరువా?

ఊటీ చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో జాన్ సలివన్‌ను ‘సెటిలర్’ అన్నారు, ఆయన చేయించిన నీటిని ‘లేక్’ అన్నారు. నేను ‘తొలి వలసదారు’, ‘సరస్సు’ అని రాసుకున్నాను. ఇంట్లో చదివి వినిపిస్తే మా నాన్నగారు “సరస్సుకు కట్ట ఎక్కడిదిరా?” అన్నారు. ఏం రాయమంటారు?

— నేను మీ నాన్నగారి పక్షమే. సరస్సు తనంతట తాను ఏర్పడుతుంది, కొల్లేరులాగా, పులికాట్‌లాగా. పారే నీటికి అడ్డంగా మనిషి కట్ట పోసి నిలిపితే అది చెరువు. సలివన్ కోయంబత్తూరు కలెక్టరు. 1819లో కొండెక్కాడు, 1823-25 మధ్య అక్కడి లోయలో వాగులకు కట్ట వేయించాడు. ఆ కట్టకు మూడుసార్లు గండి పడి నీళ్లన్నీ పోయాయట. గండి పడే సరస్సును నేనైతే చూడలేదు.

మరి దానికి లేక్ అన్న పేరెందుకు వచ్చింది? దొరల కాగితాల్లో మన చెరువులన్నీ ‘ట్యాంకులు’. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌లో ఆ మాట ఇప్పటికీ బతికే ఉంది. రైతు మడికి పారించుకుంటే ట్యాంకు, దొర పడవ వేసుకుంటే లేక్! మనమేమీ తక్కువ తినలేదు. పొలానికి నీళ్లిచ్చినంత కాలం చెరువు అంటాం, చుట్టూ పార్కు వేసి టికెట్టు పెట్టగానే సరస్సు అంటాం.

ఇక ‘వలసదారు’ అసలు కుదరదండీ. వలస అనగానే మనకు కరవు, నెత్తిన మూట, వెంట పిల్లలు కనిపిస్తారు. ఈయన చేతిలో జిల్లా మొత్తం ఉంది. అక్కడి గిరిజనులైన తోడాల దగ్గర ఎకరం రూపాయి చొప్పున నేల తీసుకుని, 1822లో రాతి ఇల్లు మొదలుపెట్టాడు. స్థానికులు దాన్ని ‘కల్ బంగళా’ అన్నారు. ఓరుగల్లులో ఉన్న కల్లే అది, అంటే రాయి. ‘కొన్నాడు’ అనకుండా ‘తీసుకున్నాడు’ అని కావాలనే అంటున్నాను. ఎనుములు మేపుకునే తోడాలకూ కలెక్టరుకూ మధ్య బేరం ఏపాటి బేరమో ఊహించుకోవచ్చు. అయితే ఆ నేల మీద హక్కు తోడాలదేనని తర్వాత ప్రభుత్వంతో వాదించినవాడూ ఈయనే. ఆ మాట మీ వ్యాసంలో లేకపోతే చేర్చండి.

— ‘సెటిలర్’ అనే ఉంచేస్తే?

— తెలంగాణలో చదివేవారికి ఎన్నికలు గుర్తొస్తాయి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారన్న అర్థం ఆ మాటకు పట్టుకుపోయింది. ‘నీలగిరిలో కాపురం పెట్టిన తొలి దొరల్లో ఒకడు’ అనండి. కాపురం అన్నది ఇక్కడ ఉత్త అలంకారం కాదు. ఆయన భార్య హెన్రియెటా ఆ కొండ మీదికి వచ్చిన తొలి ఐరోపా స్త్రీ. 1838లో ఆమె పోయింది, సమాధి అక్కడి సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో ఉంది.

— నాదొక సందేహం. దొరల తీరిక జీవితాన్ని ‘విహార జీవితం’ అంటే సరిపోతుందా?

— విహారం మరీ ప్రబంధంలా ఉంది. ‘షికారు’ ఉండగా ఎందుకు? పారసీలో షికార్ అంటే వేట. తెలుగుకొచ్చేసరికి తుపాకీ జారిపోయి చల్లగాలి మిగిలింది: పడవ షికారు, సాయంత్రం షికారు. ఊటీకి రెండర్థాలూ సరిపోతాయి. నీళ్ల మీద పడవలు తిరిగాయి, తర్వాతి కాలంలో దొరలు గుర్రాలెక్కి వేటకుక్కలతో నక్కల వెంట పడ్డారు. మన రాయలసీమకు కలెక్టరుగా చేసిన మన్రో కూడా మద్రాసు గవర్నరు హోదాలో 1826లో ఊటీ వెళ్లి సలివన్ ఇంట్లోనే దిగాడు.

— అందరికీ ధన్యవాదాలు. ‘చెరువు’ అనే రాశాను. ఇంకో సంగతి, మొదట్లో ఆ నీరు ఇప్పటికంటే చాలా దూరం ఉండేదట. తగ్గిపోయిన మేర బస్టాండు, రేసుకోర్సు వచ్చాయి. అది చదివి వినిపించగానే నాన్నగారు కళ్లజోడు తీసి పక్కన పెట్టి, “బస్టాండు వచ్చిందా? అయితే ఇంకేం, చెరువే” అన్నారు.