అప్‌డేట్: నాన్న సెప్సిస్ జీన్స్ (జన్యువుల) వల్లేనా అని అడిగాను కదా

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ బాబాయికి మాత్రలతో తగ్గింది, నాన్నకి మాత్రం సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కి ఒంటి స్పందన అదుపు తప్పి అవయవాలే దెబ్బతినడం) దాకా ముదిరింది. మేమూ జీన్ టెస్ట్ చేయించుకోవాలా అన్నది నా ప్రశ్న. నాన్న ఇంటికొచ్చేశారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ దిగుతోంది.

జీన్స్ పాత్ర ఉందట. 1988లో వెలువడిన డెన్మార్క్ దత్తత పిల్లల అధ్యయనంలో, కన్నవాళ్లలో ఒకరు 50 ఏళ్లలోపే ఇన్‌ఫెక్షన్‌తో పోతే, పిల్లలకీ అలాంటి మరణం ముప్పు 5 రెట్లకు పైనే తేలింది. ఇది చదివి నాకు టెన్షన్ పెరిగిందనుకోండి!

కానీ అది ఏ ఒక్క జీన్ పనీ కాదు. బ్యాక్టీరియా పొరలోని విషాన్ని పసిగట్టే టీఎల్ఆర్4 అనే జీన్‌లో మార్పుల మీద కూడా ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. అందుకే డాక్టర్‌గారు టెస్ట్ వద్దన్నారు. నాన్నకి షుగర్, ప్రోస్టేట్ రెండూ ఉన్నాయి, ముందు వాటి సంగతి చూడమన్నారు.