ఎనిమిదేళ్ల బాబు భుజం ఎగరేయడం, గొంతు సవరించడం: మొండితనమా, జబ్బా?

ప్రశ్న (ఒక తల్లి, హనుమకొండ)

మా బాబుకు ఎనిమిదేళ్లు. పోయిన దసరా సెలవుల తర్వాత రెండు కళ్లూ గట్టిగా మూసి తెరవడం మొదలుపెట్టాడు. కంటి డాక్టరు చూపు బాగానే ఉందని చెప్పి చుక్కల మందు రాశారు. కొన్నాళ్లకు అది తగ్గింది గానీ, సంక్రాంతి దాటాక కుడి భుజం ఎగరేస్తూ తల పక్కకు విసరడం, గొంతులో కఫం అడ్డుపడ్డట్టు "హుం, హుం" అనడం వచ్చాయి. టీవీ ముందు ఎక్కువగా ఉంటుంది, క్యారమ్స్ ఆడేటప్పుడు దాదాపు కనిపించదు. వాళ్ల నాన్న గద్దిస్తే కాసేపు ఆపుకుంటాడు, ఆ తర్వాత రెట్టింపు చేస్తాడు. ఆపుకోగలుగుతున్నాడంటే కావాలనే చేస్తున్నట్టే కదా అని ఆయన వాదన. మా అత్తమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టించారు. నిన్న పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, "మెడల ఏదో గుంజినట్టయితది అమ్మా, గిట్ల అంటే పోతది" అన్నాడు. మా చెల్లెలి పాపకు రెండున్నరేళ్లు. కుక్కర్ విజిల్ వేయగానే ఆనందంతో రెండు చేతులూ టపటపా ఆడిస్తుంది. ఇద్దరిదీ ఒకటేనా?

జవాబు (పిల్లల వైద్యురాలు, వరంగల్)

మీ బాబు చెప్పిన ఆ మాటలోనే సగం రోగనిర్ధారణ ఉందమ్మా. కదలికకు ముందు ఆ చోట ఒక ఒత్తిడి పుట్టడం, కదిలించగానే అది తీరిపోవడం టిక్స్‌కు, అంటే మన ప్రమేయం లేకుండా పదే పదే వచ్చే కదలికలకు, శబ్దాలకు, ముఖ్య లక్షణం. తుమ్మును కొంతసేపు బిగబట్టగలిగినంత మాత్రాన తుమ్ము మన ఇష్టంతో వచ్చిందని ఎవరూ అనరు; మీవారికి ఈ సంగతి ఇలాగే చెప్పండి. టిక్స్ సాధారణంగా 4 నుంచి 6 ఏళ్ల మధ్య, ఎక్కువగా కళ్లతో, ముఖంతో మొదలై, ఒక చోటు నుంచి మరో చోటుకు మారుతూ, కొన్ని వారాలు పెరిగి కొన్ని వారాలు తగ్గుతూ ఉంటాయి. 10 నుంచి 12 ఏళ్ల మధ్య ఉద్ధృతంగా ఉండి, యౌవనం వచ్చేసరికి చాలామందిలో బాగా తగ్గిపోతాయి. ఒకటికి మించి కదలికలు, కనీసం ఒక శబ్దం కలిసి ఏడాదికి పైగా ఉంటే టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో దీన్ని వివరించిన ఫ్రెంచి వైద్యుడి పేరే దానికి వచ్చింది. మీ బాబుకు ఇవి మొదలై ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి ఆ పేరు ఇప్పుడే తగిలించకూడదు.

పాపది వేరు. మూడేళ్లలోపు మొదలై, ఎప్పుడూ ఒకే తీరుగా, లయబద్ధంగా, సంతోషంలోనో ఉద్వేగంలోనో వచ్చి, పేరు పెట్టి పిలిస్తే ఆగిపోయే ఇలాంటి కదలికలను స్టీరియోటైపీ అంటారు. ఏ లోపమూ లేని పిల్లల్లోనూ ఇవి ఉంటాయి. మాటలు రావడం, వేలితో చూపించడం, కళ్లలోకి చూడడం వయసుకు తగ్గట్టు లేకపోతే మాత్రం ఆటిజం పరీక్ష చేయించాలి.

జవాబు (ఒక తండ్రి, జగిత్యాల)

మేడమ్ గారి మాటకు ఒక చేర్పు. మా అమ్మాయికి పదేళ్లప్పుడు చేతులు మెలితిరిగినట్టు కదలడం, గ్లాసు జారవిడవడం చూసి టిక్స్ అనే అన్నారు. నోటుబుక్కులో దస్తూరీ చెడిపోవడం గమనించిన డాక్టరు గారు, కొన్ని నెలల కిందటి గొంతు నొప్పి గురించి అడిగి, గుండెకు ఎకో తీయించారు. అది రుమాటిక్ జ్వరం (గొంతు నొప్పి తర్వాత వచ్చి గుండెనూ దెబ్బతీయగల జబ్బు) వల్ల వచ్చే కొరియా, అంటే చేతులు కాళ్లు అదుపు తప్పి కదిలే జబ్బు అట. ఇప్పుడు 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయిస్తున్నాము. అందుకని దస్తూరీ, పట్టు తప్పడం కూడా చూసుకోండి.

జవాబు (ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, హుజూరాబాద్)

తరగతిలో ఇలాంటి బాబు ఉంటే నేను తోటి పిల్లలకు ఒక్కసారి చెప్పి వదిలేస్తాను, ఆ తర్వాత ఆ శబ్దాన్ని విననట్టే పాఠం సాగిస్తాను. "ఆపు" అన్న ప్రతిసారీ వాడి ధ్యాసంతా ఆపుకోవడం మీదే ఉండి, చెప్పిన లెక్క చెవికెక్కదు. పరీక్షలప్పుడు వెనక బెంచీ, మధ్యలో బయటికి వెళ్లి వచ్చే వీలు ఇమ్మని క్లాస్ టీచరును అడగండి, అక్కా.

ప్రశ్న వేసిన తల్లి

అందరికీ ధన్యవాదాలు. దస్తూరీ బాగానే ఉంది. మేడమ్, మందులు వాడాలా? ఎక్కడ చూపించాలి?

జవాబు (పిల్లల వైద్యురాలు)

మెడ నొప్పి, చదువుకు ఆటంకం, తోటివారి ఎగతాళి లేనంతవరకు మందు అక్కర్లేదు. అవసరమైతే, ఆ ఒత్తిడి వచ్చినప్పుడు దానికి ఎదురు కదలికను అలవాటు చేసే శిక్షణ మొదటి మెట్టు, క్లోనిడిన్ వంటి మందులు ఆ తర్వాత. తీరని చంచలత్వం, ఒకే పనిని పదే పదే సరిచూసుకోవడం వంటివి ఉంటే అవీ చెప్పండి; చాలామందిని టిక్స్ కన్నా అవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. పిలిచినా పలకకుండా శూన్యంలోకి చూస్తూ కళ్లు ఆర్పితే, లేదా నిద్రలో ఒళ్లు కొట్టుకుంటే, అది మూర్ఛ కావచ్చు కాబట్టి ఆలస్యం చేయకూడదు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగానికి గానీ, మీకు తెలిసిన పిల్లల వైద్యులకు గానీ చూపించండి. డాక్టరు గది లోపల పిల్లలు బిగబట్టుకుని కూర్చుంటారు, ఏమీ కనిపించదు. కాబట్టి టీవీ చూసేటప్పుడు పక్క నుంచి ముఖం, భుజం, గొంతు శబ్దం మూడూ తెలిసేలా రెండు నిమిషాలు ఫోన్లో వీడియో తీసి తీసుకెళ్లండి.