ఉన్న 8 టీములకే ఆట లేదు, 16 చేస్తరంట!

పానగల్లు పదో నంబర్:
నల్లగొండ టౌన్ ఫుట్‌బాల్ లీగ్‌ల ఇప్పుడు 8 టీములు. వచ్చే సీజన్‌కు 16 చేద్దామంటున్నరు. ఉన్న ఎనిమిదింటినే చూడబుద్ధి అయితలేదు. కీపర్ తంతడు, సెంటర్‌ల నలుగురు తలకాయలు పెడ్తరు, బాల్ లైన్ దాటుతది, త్రో. మల్ల తన్నుడు. తొంభై నిమిషాలు గిదే. ఇంకో ఎనిమిది తెచ్చి ఏం చూపిస్తరు?

హాఫ్‌టైం చాయ్:
ఇంటర్వెల్‌కే సగం గ్యాలరీ ఖాళీ.

దేవరకొండ లెఫ్ట్ వింగ్:
టీములు పెరిగితే ఆట ఖరాబైతదని ఎవరు జెప్పిన్రు?

పానగల్లు పదో నంబర్:
లెక్క జెప్తది. 2022 వరల్డ్ కప్ల 32 టీములు. గ్రూపుల 48 మ్యాచ్‌లు ఆడిస్తే 16 టీములు ఇంటికి పోయినయ్. 2026ది 48 టీములు, గ్రూపుల్నే 72 మ్యాచ్‌లు, ఇంటికి పోయేది మల్ల 16 టీములే. 12 గ్రూపులల్ల మూడో స్థానం వచ్చినోళ్లల్ల 8 మందికి కూడా దారి ఇచ్చిన్రు. అంటే 24 మ్యాచ్‌లు ఉత్తగనే. 2016 యూరో కప్ల పోర్చుగల్ ఏం జేసింది? గ్రూపుల మూడుకు మూడు డ్రా, మూడో స్థానం, చివరికి కప్పు వాళ్లదే. గెలువకున్నా గడుస్తదంటే ఎవడన్నా ఎందుకు అటాక్ చేస్తడు?

దేవరకొండ లెఫ్ట్ వింగ్:
2018 వరల్డ్ కప్ల ఫ్రాన్స్, డెన్మార్క్ 0-0 ఆడినప్పుడు 32 టీములే కదా. ఫ్రాన్స్ ముందే పాసైంది, డెన్మార్క్‌కు డ్రా చాలు, ఇద్దరు కలిసి టైంపాస్ జేసిన్రు. 1982ల పశ్చిమ జర్మనీ పదో నిమిషంల గోల్ కొట్టి, ఆస్ట్రియాతోని కలిసి మిగతా ఆటంతా బాల్ వెనకకు ఇచ్చుకుంట గడిపింది. 1-0 అయితే ఇద్దరికీ పాస్, అల్జీరియా ఔట్. అప్పుడు 24 టీములు. టీముల సంఖ్యది కాదు తప్పు, ఆఖరి మ్యాచ్‌ల ఓడినా పోయేది ఏం లేకపోవుడుది.

మూసీ ఒడ్డు:
కరీబియన్ దీవి కురసావ్ జనం లక్షన్నర. మన పాలమూరు టౌన్ కంటే తక్కువ. వాళ్లు వరల్డ్ కప్‌కు వచ్చిన్రు. మనం 140 కోట్లు. అంతే, పోతున్న.

నకిరేకల్ విజిల్:
మీరు వరల్డ్ కప్ పక్కన పెట్టున్రి. మనకున్నది ఒక్క గ్రౌండ్. 8 టీములు రెండు రౌండ్లు ఆడితే 56 మ్యాచ్‌లు. 16 టీములు ఒక్క రౌండే ఆడినా 120. ఆదివారానికి 3 కంటే ఎక్కువ పెట్టరాదు. అంటే ఇప్పుడు 19 వారాలు, అప్పుడు 40 వారాలు. నడుమ వానలు, మే నెల ఎండలు.

తన్నుడు ఆట ఎందుకైతుందో కూడా చూడున్రి. గోల్ ముందర 5.5 మీటర్ల డబ్బాల నేల మొత్తం గుంతలు. ఎర్రమట్టి, ఇసుక కలిపి నింపి, తడిపి, దిమ్మిసతోని కొట్టి రెండు రోజులు వదలాలె. మనోళ్లు శనివారం సాయంత్రం నింపి ఆదివారం పొద్దున ఆడిస్తరు. పైపొర పెచ్చులెక్క లేస్తది, పాస్ ఇస్తే బాల్ ఎగిరి మోకాలికి తగుల్తది. డిఫెండర్‌కు ఆ సంగతి ఎరుక, అందుకే తంతడు. దానికి తోడు బాల్‌ల గాలి రాయిలెక్క కొట్టిస్తరు. రూల్ ప్రకారం 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ దాక పోవచ్చు, కానీ మన గట్టి నేలకు 9 చాలు.

పానగల్లు పదో నంబర్:
గ్రౌండ్ సంగతి వేరే. నేనడిగింది 16 గురించి.

హాఫ్‌టైం చాయ్:
నాలుగు గ్రూపులు చేస్తే 24 మ్యాచ్‌లే కదా. నాకౌట్‌లు 7. మొత్తం 31.

పానగల్లు పదో నంబర్:
అప్పుడు ఒక్కో టీముకు మూడే ఆటలు గ్యారంటీ. మూడు ఆటలకు ఎంట్రీ ఫీజు కట్టి, కిట్టు కొని ఎవడొస్తడు? రెండు ఓడినోడు మూడోదానికి రాడు. ఏడుగురు లేకుంటే ఆట మొదలువెట్టరాదు, వాకోవర్.

నకిరేకల్ విజిల్:
రెండు డివిజన్లు చేయున్రి. ఎనిమిదికి ఎనిమిది, ఒక్క రౌండ్. 28, 28 కలిపి 56. ఇప్పుడున్నన్నే. మీది డివిజన్ల ఆఖరి రెండు టీములు దిగుతయ్, కింది డివిజన్ల మొదటి రెండు ఎక్కుతయ్. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)ల 2024-25 దాక గిదే లేకుండె. 2014ల 8 టీములతోని మొదలై 2024-25 నాటికి 13 అయినయ్, దిగుడు మాత్రం లేకుండె. 2022ల కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2023-24ల 22 ఆటలల్ల ఒక్కటే గెలిచి 8 పాయింట్లతోని ఆఖరున నిలిచింది. దిగేది లేకుండె గాబట్టి ఆఖరి ఆటలకు విలువ లేకుండ పోయింది. ఆ టీము కూడా 2025ల ఢిల్లీకి పోయింది.

దేవరకొండ లెఫ్ట్ వింగ్:
ఎవర్ని రెండో డివిజన్ల పెడ్తరో నాకు ఎరుకే. దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ కింద. టౌనోళ్లు మీద.

పానగల్లు పదో నంబర్:
ఆడొస్తే మీదికి రా, ఎవరు వద్దన్నరు?

దేవరకొండ లెఫ్ట్ వింగ్:
ఆడొస్తది గాబట్టే మీ టౌన్ టీముల మా పిల్లలు ఆడుతున్నరు! శనివారం రాత్రి బస్సుల పిలిపించుకుంటరు, టీ షర్ట్ ఇస్తరు, చార్జీలు ఇస్తరు. 16 అయితే వాళ్లు సొంతూరి టీములకు ఆడతరు. గది మీ బాధ. పోర్చుగల్ ఎందుకు నడుమల?

హాఫ్‌టైం చాయ్:
అబ్బో.

పానగల్లు పదో నంబర్:
సరే, గదే అనుకో. బాల్ పట్టే కీపర్లు జిల్లా మొత్తంల నలుగురు. వాళ్లు తలో ఊరికి పోతే 12 టీములకు పోస్టులే నిలబడాలె. 9-0, 11-0 చూస్తవా?

దేవరకొండ లెఫ్ట్ వింగ్:
ఆ నలుగుర్ల ఇద్దరు మా దిక్కోళ్లు. మొదటి ఏడాది తొమ్మిది గోల్స్ తింటం. టౌన్‌ల పుట్టంగనే డైవ్ కొట్టిన కీపర్ ఉన్నడా?

నకిరేకల్ విజిల్:
మీరు కొట్లాడుకోన్రి. శుక్రవారం పొద్దున గోల్ ముందర గుంతలు నింపుతున్న. ఇసుక ఉంది, దిమ్మిస కావాలె. ఎవరి దగ్గరుంది?

దేవరకొండ లెఫ్ట్ వింగ్:
మా దగ్గరుంది. 16 అంటే తెస్త.